ముద్దుపేర్ల కాపురం

కుక్కపిల్ల చిన్నూ, కారు రాణి, బాల్కనీలో గులాబీ బుజ్జమ్మ. పిల్లల్ని కనాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోని ఇళ్లలో ఈ పేర్లు వినిపిస్తున్నాయి. ఇందులో వింతేమీ లేదు. కాళిదాసు శకుంతల మల్లెతీగను వనజ్యోత్స్న అని పిలుచుకుంది. దీర్ఘాపాంగుడనే లేడిపిల్లను కొడుకులా సాకింది. కర్ణాటకలో సంతానం లేని తిమ్మక్క దంపతులు హులికల్ దారి పొడవునా మర్రిమొక్కలు నాటి, నీళ్లు మోసి బిడ్డల్లా పెంచారు. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

ఇక ఆ ఇళ్లలో ఇంకా తేలని పిల్లల ప్రశ్నకు వస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. అంటే ఆలోచించి కంటున్నారు. ఆ ఆలోచనకు వ్యవధి కావాలి. పెళ్లయిన ఏడాదికే "ఏమైనా విశేషమా?" అని అడిగే పెద్దలారా, దయచేసి ఆ ప్రశ్న మానండి. విశేషం ఉంటే వాళ్లే చెబుతారు.