ఎదురెక్కే నెత్తురు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మాది కొల్లేటి లంక గ్రామం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటితో కొల్లేరు నిండుగా ఉంటే ఉప్పుటేరు సముద్రం వైపే పారుతుంది. ఎండాకాలం మట్టం పడిపోయి, సముద్రం పోటు మీదుంటే, ఉప్పునీరు అదే ఏటి వెంట ఎదురెక్కి వస్తుంది. మన సైన్సు మాస్టారు రెండు సీసాలకు రబ్బరు గొట్టం తగిలించి ఈ సంగతే చూపించారు. అప్పుడు నాకు తలకెక్కలేదు.

నర్సుగా తాడేపల్లిగూడెంలో చేరిన కొత్తలో, ఒక పిల్లవాడి కాన్యులాలోకి సిరంజితో సెలైన్ పంపి, క్లాంపు వెయ్యకుండానే హడావుడిగా సిరంజి లాగేశాను. రాత్రి మందు ఎక్కలేదు. లోపలికి వచ్చిన నెత్తురు గడ్డకట్టింది. ఇంకో నరం దొరికేసరికి వాణ్ణి నాలుగుసార్లు పొడవాల్సి వచ్చింది. వాళ్లమ్మ నన్నేమీ అనలేదు. తప్పు నాదని ఆమెకు తెలియదు.

పడుకున్న మనిషి చేతి నరంలో ఒత్తిడి సుమారు 10, 15 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. స్టాండుకు మూడడుగుల ఎత్తున వేలాడే సీసా దాన్ని సులువుగా గెలుస్తుంది. సీసా ఖాళీ అయినా, బాత్రూముకు వెళ్తూ దాన్ని చేతికంటే కిందికి దించినా, చెయ్యి మంచం మీంచి వేలాడినా, అదే చేతికి బీపీ పట్టీ బిగించినా నెత్తురు గొట్టంలోకి ఎగబాకుతుంది. సిరంజి లాగినప్పుడూ అంతే.

అందుకే చివరి అర మిల్లీలీటరు సిరంజిలోనే ఉంచి, తోస్తూ ఉండగానే క్లాంపు బిగించి, ఆ తరవాత సిరంజి తీస్తాం. కొన్ని కొత్తరకం కనెక్టర్లకు ఈ వరస మారుతుంది. తయారీదారు చెప్పిన పద్ధతే పాటించాలి. ఎక్కకపోతే బలవంతంగా తొయ్యకూడదు. గడ్డ లోపలికి పోవచ్చు.

మీరు రోగి పక్కన కూర్చున్నప్పుడు గొట్టంలో ఎరుపు కనిపిస్తే కంగారుపడకండి. వేలాడే చేతిని పైకి సర్ది నర్సును పిలవండి. సెలైన్ చక్రం మీరు తిప్పకండి, సీసా పిండకండి. నర్సు విసుక్కుంటే మళ్లీ పిలవండి.

మాస్టారూ, ఆ రెండు సీసాల పాఠం నేను పరీక్షలో రాయలేకపోయాను. ఇప్పుడు ఏలూరులో కొత్తగా చేరే ప్రతి నర్సుకూ ముందు అదే చెబుతున్నాను.

సెలవు.