తూటా ఇంట్లో నింపుకుంటే మిగిలేదెంత?



మా అన్న కొడుకు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో ఉంటున్నాడు. ఏటా చలికాలం రైఫిలు తీసుకుని జింకల వేటకు పోతాడు. మొన్న ఫోను చేసి, "చిన్నాయనా, నువ్వు లెక్కల అయ్యవారివి గదా! తూటాలు అంగట్లో కొనేదానికంటే ఇంట్లో నింపుకుంటే చవకంటున్నారు. సామాన్లు కొననా, వద్దా?" అని అడిగాడు. మన హోసూరు, కోలారు పక్క పంట కాపలాకు తుపాకి ఉన్న రైతులకూ ఈ సందేహం రావచ్చు. అందుకే ఆ లెక్క మీ ముందుంచుతున్నాను.

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ, లోపల మందు, ముందు గుండు. పేలిన తర్వాత చేతికి మిగిలేది ఇత్తడి గొట్టమొక్కటే. తక్కిన మూడూ కొత్తవి కొనాలి. కనుక ఆదా ముఖ్యంగా ఆ గొట్టంలోనే ఉంది. అదీ కలకాలం ఉండదు. కొన్నిసార్లు వాడాక మెడ దగ్గర చీలిపోతుంది.

మందును అక్కడ పౌండు లెక్కన కొని, గ్రెయిన్ల లెక్కన తూస్తారు. పౌండుకు 7000 గ్రెయిన్లు. మన కంసాలి తూచే గురిగింజలో సుమారు సగం బరువు ఒక గ్రెయిను. తూటాకు 45 గ్రెయిన్లు పడితే, పౌండుకు 155 తూటాలు వస్తాయి.

ఇక అసలు లెక్క చూద్దాం. నొక్కే యంత్రం, అచ్చులు, త్రాసు కలిపి 400 డాలర్లయ్యాయనుకోండి. తూటాకు అర డాలరు మిగిలితే, 800 తూటాలు నింపాకే పెట్టుబడి తిరిగి వస్తుంది. మావాడు ఏడాదికి కాల్చేది 40. అంటే 20 ఏళ్ళు! అదే వారంవారం పోటీలకు సాధన చేసేవాడైతే ఏడాదిలోపే గట్టెక్కుతాడు. అరుదైన రకం, ఖరీదైన తూటా వాడేవాడికీ లాభమే. చవకగా దొరికే రకానికి మిగిలేది తక్కువ. చిన్న .22 రిమ్‌ఫైర్ తూటాకైతే ఈ ఆలోచనే వద్దు.

ధరలూ స్థిరంగా ఉండవు. 2020, 2021లో అమెరికాలో ఆ చిన్న టోపీలకే కరువొచ్చింది. యంత్రం ఉన్నవాళ్ళూ చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ఇంకొక మాట. చవకైందని మనిషి ఎక్కువ కాలుస్తాడు. మా ఇంట్లో కుట్టుమిషను వచ్చాక దర్జీ కూలి తగ్గింది, బట్టల ఖర్చు పెరిగింది!

డబ్బుకు మించిన లెక్క ఒకటుంది. ఏమరుపాటున ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పడితే తుపాకి ముఖం ముందే పగలవచ్చు. మావాడింట్లో ఇద్దరు పసిపిల్లలున్నారు. మందు డబ్బా ఎక్కడ దాస్తాడు?

మన దేశంలో ఈ ప్రశ్నకు జవాబు వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తయారీ లైసెన్సు లేకుండా తూటాలు చేయడం నేరం. 2019 సవరణ తర్వాత ఏడేళ్ళకు తగ్గని జైలుశిక్ష ఉంది. తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటా తయారీకి ఉన్నట్టు కాదు. నాటు మందు నూరబోయి వేళ్ళు పోగొట్టుకుంటే ఆ నష్టాన్ని ఏ లెక్కలో రాసుకుంటాం?

మావాడితో అన్నాను: "నాయనా, ముందు ఏడాదికి ఎన్ని కాలుస్తావో ఒక పుస్తకంలో రాసుకో. ఆ తర్వాత అంగడికి పో." వాడు నవ్వి, "40 దాటవు చిన్నాయనా, కొనను లే" అన్నాడు.

మీరు ఏ యంత్రం కొనబోయినా ముందు ఆ పుస్తకం తెరవండి.