గడప దాటనివ్వని జొన్న

శాలువా కప్పారు, పరిచయంలో నాకే తెలియని నా గొప్పలు చదివారు. ఆ లాంఛనం అయింది కనుక కూర్చునే మాట్లాడతాను, మోకాళ్లు ఒప్పుకోవడం లేదు.

ఆహ్వానంలో ‘పరాన్నజీవి కలుపును తట్టుకునే జొన్న: మూడు మార్గాలు’ అని వేశారు. మూడూ చెబుతాను. వస్తూ గుమ్మం దగ్గర మిల్లెట్ బిస్కెట్ల అంగడి చూశాను. ఇందులో ఏ జొన్న వేశారని అడిగితే, కుర్రాడు ‘జొన్నంటే జొన్నే కదండీ’ అన్నాడు. వ్యవసాయ పట్టభద్రుల సభలో వినాల్సిన మాటేనా ఇది!

ఎన్-13 పేరు విన్నవాళ్లు చెయ్యెత్తండి. ఒకటి, రెండు... ఆ వెనకాయన ఫ్యాను వెయ్యమంటున్నట్టున్నారు. వెయ్యండి పాపం. ఎన్ అంటే నంద్యాల. మన పచ్చజొన్న.

నేను ఉద్యోగంలో చేరిన కొత్త. నల్లరేగడి చేను, నాలుగు రోజుల కిందటే మంచి వాన. అయినా మధ్యాహ్నానికి జొన్న ఆకులు చుట్టుకుపోతున్నాయి. పుస్తకం చదివినవాణ్ణి కనుక నీటి ఎద్దడి అని తేల్చేశాను. చేనుగలాయన నవ్వి, ‘వాన తక్కువై కాదు సారూ, కింద తాగేటోడు ఇంకొకడుండాడు’ అంటూ ఒక మొక్కను పెళ్లతో సహా పారతో ఎత్తి బిందె నీళ్లలో జాడించాడు. వేరుకు అతుక్కుని పాలరంగు పోగు, చివర చిన్న బుడిపె. ఆ పరాన్నజీవి కలుపే జొన్నమల్లె. ఇంకా నేల మీదికి రానేలేదు, దోపిడీ మాత్రం సగం అయిపోయింది. మన వైపు దాని పూలు తెల్లన, అందుకే మల్లె అన్నారు. అంత ముద్దుపేరు దానికెందుకో!

విత్తనం పొడిలా ఉంటుంది. ఒక్క మొక్కకు వేలకువేలు, మట్టిలో పదేళ్లకు పైగా పడి ఉండగలవు. దగ్గర్లో వేరు పిలిస్తేనే మొలుస్తాయి. ఆ పిలుపు మందు స్ట్రిగాల్‌ను 1966లో పత్తివేళ్ల నుంచి తీశారు. వేరు పాపం దొంగను పిలవడం లేదు. భాస్వరం తెచ్చిపెట్టే శిలీంధ్రాన్ని పిలుస్తోందని 2005లో గానీ తెలియలేదు. సారం తగ్గిన పేదనేలలో ఈ బెడద ఎందుకెక్కువో ఇక మీరే ఊహించండి.

మొదటి మార్గం, ఆ పిలుపునే మార్చడం. ఇథియోపియాలో పుట్టిన గెబిసా ఎజెటా ఈ దారిలోనే పనిచేశారు, 2009లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. గొప్పవారు, సందేహం లేదు.

మన ఎన్-13 తీరు వేరు. అది పిలుస్తుంది, దొంగ మొలిచి వేరుకు అతుక్కుంటాడు కూడా. లోపలి పొరల్లో కణాల గోడలు మందమై అడ్డుపడతాయి. రసనాళం దాకా చేరలేక అక్కడే మాడిపోతాడు. గడప దాకా రానిచ్చి తలుపు వేసేయడమన్నమాట! ఇది రెండోది. ప్రయోగశాలలో కూర్చుని కనిపెట్టింది కాదు, చేనులో నిలిచింది. ఇప్పటి పిల్లలు స్క్రీన్ మీద జన్యువు చూపిస్తారు, వేరు కడగమంటే గోళ్లు చూసుకుంటారు.

చీటీ అందింది, రెండు నిమిషాలే అట. మూడోది జన్యు మార్కర్లు: ఎన్-13లో ఆ గుణమున్న జన్యుభాగాలను వాటితో గుర్తుపట్టి, సూడాన్ రైతులు మెచ్చిన తబత్, వద్ అహ్మద్ రకాల్లోకి చేర్చారు. అక్కడి మల్లె జాతి వేరు, పూలు గులాబీరంగు. అయినా మన జొన్న పనికొచ్చింది. నంద్యాల పేరు అక్కడి ఎంతమందికి తెలుసో గానీ, ఇక్కడ లేచినవి రెండు చేతులు.

భోజనంలో జొన్నరొట్టె ఉందన్నారు. ఏ జొన్నదో వడ్డించేవాణ్ణి అడగండి, నేనూ అడుగుతాను.