కొండపై వేధశాల: కార్చిచ్చు నేర్పిన పాఠము



ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యను సామెత మనకందరకును తెలిసినదే. నేడు మీకు రెండు కొండల కథ చెప్పదలచితిని. రెండును ఆస్ట్రేలియా దేశములోనివి. రెండింటిపైనను ఒకే విశ్వవిద్యాలయమువారి వేధశాలలు కలవు. పది సంవత్సరముల ఎడముతో రెండింటిని కార్చిచ్చు చుట్టుముట్టినది. ఒకచోట దూరదర్శినులు కాలిపోయినవి, రెండవచోట నిలిచినవి. ఈ భేదము ఏల కలిగెనో తెలిసికొన్నచో, అడవి అంచున నున్న ప్రతి పల్లెకును అది పనికివచ్చును.

వేధశాల యనగా నక్షత్రములను, గ్రహములను పరిశీలించు స్థలము. పట్టణముల దీపకాంతియు, పొగయు, ధూళియు లేని ఎత్తైన ప్రదేశము దానికి కావలెను. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన శాస్త్రజ్ఞుడు వైను బప్పు తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు వద్ద వేధశాలను నెలకొల్పినదియు ఇందుకే. నేడు అది ఆయన పేరనే పిలువబడుచున్నది. అయితే ఆకాశమును చూచుటకు ఏది అనుకూలమో, అగ్ని వచ్చినపుడు అదియే ప్రతికూలమగును. చుట్టును అడవి, ఎక్కి దిగుటకు తరచుగా ఒకే బాట, అగ్నిమాపక యంత్రము రావలెనన్న మైళ్ళకొలది మలుపులు.

కొండకు మరియొక చిక్కు కలదు. మంట పల్లమునకు దిగుటకన్న మెట్టకు ఎక్కుట సులభము. క్రిందనుండి లేచిన వేడి పైనున్న గడ్డిని, ఆకులను ముందే ఎండబెట్టి అంటుకొనుటకు సిద్ధము చేయును. వాలు 10 డిగ్రీలు పెరిగినకొలది మంట వేగము సుమారు రెట్టింపగునని నిపుణులు లెక్కకట్టిరి. కావున క్రింద లోయలో పొగ కనబడినపుడు శిఖరముపై నున్నవాడు "ఇంకను దూరముగా నున్నది కదా" అని కూర్చుండరాదు.

ఇక మొదటి కథ. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా నగరమునకు చేరువను స్ట్రామ్లో అను కొండ కలదు. దాని వాలులపై కలపకొరకు పెంచిన దేవదారు జాతి చెట్లు దట్టముగా నుండెను. ఆ దేశములో జనవరి నెల నడివేసవి. 2003 జనవరి 8వ తేదీన దూరపు పర్వతములలో పిడుగులు పడి మంటలు పుట్టినవి. పది దినములు అవి కొండలలో రగులుచుండి, 18వ తేదీన తీవ్రమైన ఎండకు పెనుగాలి తోడుకాగా నగరముమీదికి విరుచుకొని వచ్చినవి. ఆ నగర ప్రాంతమున నలుగురు మరణించిరి. సుమారు 500 ఇండ్లు కాలిపోయినవి. స్ట్రామ్లో కొండపై ఐదు దూరదర్శినులు, కర్మశాల, గ్రంథాలయము, నివాసగృహములు నాశనమైనవి. 1868లో నిర్మింపబడి, ఆ ఖండపు శాస్త్ర చరిత్రలోనే పేరు గడించిన మెల్‌బోర్న్ మహా దూరదర్శిని అందులో ఒకటి. హవాయి దీవిలోని జెమిని వేధశాలకు పంపుటకు దాదాపు సిద్ధమైన ఒక అమూల్య పరికరము కర్మశాలలోనే కాలిపోగా, దానిని మరల మొదటినుండి నిర్మింపవలసి వచ్చెను. అయినను వేధశాల సిబ్బంది ముందుగా కొండ దిగిపోయినందున వారిలో ఒక్కరును ప్రాణము కోల్పోలేదు. అంతటి నష్టములో అదియే పెద్ద లాభము.

ఈ కొండకు అగ్ని క్రొత్తది కాదు. 1952లోనే ఒక కార్చిచ్చు అక్కడి కర్మశాలను కాల్చివేసెను. మరి గోడలు, లోహపు గోపురములు గల కట్టడములు ఎట్లు కాలినవి? కార్చిచ్చులో ఇండ్లను కాల్చునది చాలసార్లు ఎదుటనున్న మంటల గోడ కాదు. గాలితో ఎగిరివచ్చు నిప్పురవ్వలు. అవి మంటకన్న ఎంతో ముందుగా వచ్చి, చూరుసందులలోను, గాలిగవాక్షములలోను, కప్పుపై పేరుకొన్న ఎండుటాకులలోను చేరి, లోపల మెల్లగా రాజుకొనును. ఇది మనకు తెలియని సంగతి కాదు. వేసవిలో ఒక పూరిల్లు అంటుకొన్నచో రవ్వ లేచి, నడుమనున్న పెంకుటిండ్లను దాటి, నాలుగిండ్ల అవతలి తాటాకు కప్పుపై వ్రాలుట మన పెద్దలు ఎన్నిమారులో చూచిరి.

రెండవ కథ సైడింగ్ స్ప్రింగ్ కొండది. అది న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములో, కూనబరాబ్రన్ అను చిన్న పట్టణమునకు సమీపమున నున్నది. అక్కడ 3.9 మీటర్ల అద్దము గల పెద్ద దూరదర్శినియు, మరికొన్నియు కలవు. స్ట్రామ్లో కాలిన పిమ్మట ఇచ్చటివారు ఊరకుండలేదు. కట్టడముల చుట్టు చెట్టుచేమలను తగ్గించిరి. నిప్పురవ్వలు లోనికి దూరకుండ తెరలు అమర్చిరి. ఎవరు ఎప్పుడు కొండ దిగవలెనో ముందే నిర్ణయించుకొనిరి. 2013 జనవరి 13వ తేదీన ఆ పరీక్ష వచ్చెను. ముందుదినము పుట్టిన మంట జాతీయ వనమును దహించుచు శిఖరమును చేరెను. ఆ కార్చిచ్చులో 50 వేల హెక్టార్లకు పైగా భూమి కాలినది. ఆ ప్రాంతమున 53 ఇండ్లు పోయినవి. వేధశాలలోను అతిథిగృహము కాలిపోయెను, సందర్శకుల కేంద్రము దెబ్బతినెను. కాని సిబ్బంది ముందే సురక్షితముగా దిగిపోయిరి, దూరదర్శినులన్నియు నిలిచెను. అగ్నిమాపక దళమువారి శ్రమయు, కొంత అదృష్టమును తోడ్పడినమాట నిజమే. అయినను అదృష్టము ముందుగా సిద్ధమైనవానికే ఎక్కువగా అక్కరకు వచ్చును.

ఇదే తీరున అమెరికా దేశపు ఆరిజోనా రాష్ట్రములోని కిట్ శిఖరముపైకి 2022 జూన్‌లో కార్చిచ్చు వచ్చెను. ఆ శిఖరము ఎత్తు దాదాపు 2,100 మీటర్లు. జూన్ 11న ప్రక్క పర్వతముపై పిడుగుపాటుతో పుట్టిన మంట 17వ తేదీ తెల్లవారుజామున వేధశాలను చేరెను. అప్పటికే జనులను దింపివేసియుండిరి. నాలుగు కట్టడములు కాలినవిగాని, దూరదర్శినులు కాలలేదు. అయితే మంట చల్లారగనే పని మొదలుకాలేదు. విద్యుత్ స్తంభములును, బాటయు దెబ్బతినుటచేత పరిశీలనలు తిరిగి ఆరంభమగుటకు నెలలు పట్టినది. కాలిన కొండవాలుపై వాన కురిసిన యెడల బురదయు, రాళ్ళును దొర్లివచ్చును. మొదలు కాలిన చెట్టు చెప్పకయే కూలును. కావున దిగిపోవుటకు ఎట్లో, తిరిగివచ్చుటకును అట్లే అధికారుల అనుమతికై వేచియుండవలెను.

ఈ మూడు శిఖరములలోను ఒక్క నియమము సమానముగా కనబడును. ముందు మనుష్యుడు, పిదప యంత్రము. కోట్ల విలువగల అద్దమైనను మరల పోయవచ్చును. దానిని కాపాడెదనని వెనుకనుండిపోయినవానిని మరల తేలేము. బాట తెరచియుండగనే దిగవలెను. పొగ క్రమ్మిన పిదప బయలుదేరినవానికి మలుపు కనబడదు. ఎదురుగా వచ్చు అగ్నిమాపక శకటమునకు అతడే అడ్డమగును.

సోదరులారా, ఇది దూరదేశపు మాట యని తీసివేయవలదు. 2014 మార్చిలో మన శేషాచలము అడవులలో మంటలు చెలరేగగా వాటిని ఆర్పుటకు వాయుసేన హెలికాప్టర్లు రావలసివచ్చెను. స్ట్రామ్లో, కిట్ శిఖరములకు వచ్చిన మంటలకు పిడుగులు కారణమైనవిగాని, మన అడవులలో చాలవరకు మనుష్యుని చేతినుండియే నిప్పు పుట్టుచున్నది. ఇప్పపూవు ఏరుటకు చెట్టు క్రింది ఆకులను కాల్చుట, ఆర్పని బీడిని పారవేయుట, పొలములో కొయ్యకాళ్ళను తగులబెట్టి ఇంటికి పోవుట, ఇవి మానదగిన అలవాట్లు. అడవి అంచు పల్లెలవారు మాఘ ఫాల్గుణములలోనే ఈ పనులు చేసికొనుట మంచిది.

మొదటిది, ఇంటి చుట్టును, పశువులశాల చుట్టును ఎండుగడ్డి, ఆకులు ఊడ్చి నేలను బట్టబయలుగా నుంచుట. గడ్డివామిని ఇంటికి ఆనించి వేయరాదు. రెండవది, పెంకుల సందులను, చూరు క్రింది రంధ్రములను మూయుట. కప్పుపై రాలిన ఆకులను వారమున కొకసారి దింపుట. మూడవది, తొట్లలో నీరును, ఇసుకను, పచ్చికొమ్మలను సిద్ధముగా నుంచుట. నాలుగవది, పంచాయతీవారు కూర్చుండి ఊరివారందరు ఏ బాటను పోవలెనో, ఎక్కడ చేరవలెనో నిర్ణయించి దండోరా వేయించుట. నడువలేని ముదుసలిని ఎవరు మోయవలెను, బాలింతను ఎవరు వెంటబెట్టుకొని పోవలెను, పశువుల పలుపులు ఎవరు విప్పవలెను అనునది పేరుపేరున తేల్చుకొనవలెను. ఐదవది, పట్టాదారు పుస్తకములు మొదలగు కాగితములను ఒక సంచిలో వేసి చేతికందునట్లుంచుట. చేరవలసిన చోట తలలు లెక్కించుటకు ఒకరిని నియమించుట మరువరాదు. లెక్క తక్కువైనపుడు వెదకుటకు ఎవరు పోవలెనో అధికారులే నిర్ణయింతురు.

ఇందులో పెద్ద ఖర్చుతో కూడిన పని ఒక్కటియు లేదు. చీపురు, పార, ఒక సాయంకాలపు సమావేశము చాలును. స్ట్రామ్లో కాలినందున సైడింగ్ స్ప్రింగ్ నేర్చుకొనెను. ఆ పాఠమును మనము మరియొకరి బూడిదనుండియే నేర్చుకొందము. మన ఊరి బూడిదనుండి నేర్చుకొనవలసిన దినము రాకుండ చూచుకొందము.