మన ఆముదము, మన కందెన

(చిత్తూరున రైతులును మోటారు కార్మికులును కూడిన సభలో చేసిన యుపన్యాసము)



ఎద్దుబండిపై ప్రయాణము చేసిన పెద్దలు ఈ సభలో కొందరున్నారు. బండిక్రింద వ్రేలాడుచుండిన వెదురుగొట్టము వారికి జ్ఞాపకముండును. అందుండునది ఆముదము. దానిలో కాల్చిన గడ్డిమసి కలిపి ఇరుసునకు పూయుచుండిరి. దానికే కందెన యని పేరు. సుమతీ శతకకారుడు సైతము ఈ కందెనను ఒక నీతికి ఉపమానముగా గైకొనెను. గట్టున మొలచిన చెట్టు, ఇంట వండిన నూనె, ఊరి వడ్రంగి చేసిన చక్రము: ఈ మూడింటిలో దేనికొఱకును మన పైకము పరదేశమునకు పోయెడిది కాదు.

నేడో? తిరుమలకు తొలి ఘాటురోడ్డు 1944లో ఏర్పడెను. నాటినుండి ఆ మలుపులలో ఎక్కి దిగు వాహనములు ఎంతగా పెరిగినవో మీరెఱుగుదురు. వాని యంత్రములలో పోయు నూనె దాదాపు అంతయు భూగర్భమునుండి తీసిన ముడినూనెవలన వచ్చునదే. మన దేశము తనకు వలసిన ముడినూనెలో నూటికి 80 పాళ్లకు మించి విదేశములనుండి తెచ్చుకొనుచున్నది. చక్రము తిరిగినకొలది మన పైకము ఓడ యెక్కుచున్నది.

ఆముదము ఎద్దుబండికే గాని మోటారునకు పనికిరాదని తలంపవలదు. ఇంగ్లాండున చార్లెసు వేక్‌ఫీల్డు 1899లో నూనెల కంపెనీ నొకదానిని స్థాపించెను. ఆ కంపెనీవారు 1909లో మోటారులకును విమానములకును తగిన నూనెను సిద్ధపఱచి, దానికి కాస్ట్రాల్ అని పేరిడిరి. ఆముదమునకు ఆంగ్లమున గల క్యాస్టర్ అను పేరే దానికి మూలము. 1914-18 సంవత్సరముల మహాయుద్ధమున అనేక విమానముల యంత్రములు ఆముదముతోనే తిరిగినవి. ఆ యంత్రములలో పెట్రోలును కందెనయు ఒకదానినొకటి తాకుచుండును. పెట్రోలులో తేలికగా కరగిపోని నూనె యగుటచే ఆముదమునే యెన్నుకొనిరి. ఆ పొగను పీల్చిన విమానచోదకులకు కడుపు కదలుచుండెడిదని చెప్పుకొందురు. మన యింట పిల్లలకు తెలిసిన గుణమే అది!

రెండవ మహాయుద్ధకాలమున మన దేశమున 1940లో ఏర్పడిన వైజ్ఞానిక పారిశ్రామిక పరిశోధనామండలి, శాంతిస్వరూప భట్నాగరు నాయకత్వమున, గింజనూనెల మిశ్రమములను ఇంధనముగాను కందెనగాను వాడు పద్ధతులను సాధించినది. అవసరము కలిగినప్పుడు మనవారు చేయలేకపోలేదు. అవసరము తీరినంతనే మఱచితిమి.

ఆముదమున కీ శక్తి యెక్కడిది? అందలి కొవ్వు ఆమ్లములలో నూటికి 85 మొదలు 90 పాళ్లవరకు రిసినోలియికామ్లము అను ఒక్కటే యుండును. ఇతర వంటనూనెలలో నిది యుండదు. దీనివలననే ఆముదమునకా చిక్కదనము. వెచ్చని నూనెలను ప్రక్కప్రక్కన పెట్టి కొలిచినచో, ఆముదము వేరుశనగనూనెకంటె సుమారు ఆరింతలు చిక్కగానుండును. లోహమునకు అంటుకొని, రెండు లోహముల మధ్య పొరవలె నిలుచును.

మేము న్యాయవాదులము గనుక ప్రతివాది పక్షమును గూడ వినిపించుట మా విధి. గింజనూనె యంత్రపు వేడిలో గాలియందలి ప్రాణవాయువును గ్రహించి చిక్కబడి, జిగురై పట్టుకొనును. కావున నేటి కారులోగాని బస్సులోగాని పచ్చి ఆముదము పోయువాడు స్వదేశాభిమాని కాడు, యంత్రమును పాడుచేసికొనువాడు. ఇక వేరుశనగనూనె మన జిల్లావారి కూటిలోనిది. దానిని చక్రమునకు పూయుట న్యాయము కాదు. రసాయనశాలలో మార్పుచేసిన గింజనూనెయే యంత్రపు వేడికి నిలువగలదు. ఆ విద్య మనకు దూరమున లేదు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతికసంస్థలో ఆముదము, కానుగ మొదలగు నూనెలనుండి కందెనలు చేయు పరిశోధన జరిగినది. అనంతపురమునను తైల సాంకేతిక పరిశోధనాసంస్థ యున్నది.

ఇంకొక సంగతి వినుడు. లారీచక్రపు బేరింగులలో కూరు గ్రీజును చూచియే యుందురు. 1942లో అమెరికావాడైన క్లారెన్సు ఎర్లు లిథియము గ్రీజులకు పేటెంటు పొందెను. నేడు లోకమున మిక్కిలి వాడుకలోనున్న గ్రీజు ఆ జాతిదే. ఆ గ్రీజును గట్టిపఱచు వస్తువు ఆముదమునుండి వచ్చునదే! బండి పోయినను ఇరుసునుండి ఆముదము పోలేదన్నమాట. ప్రపంచమున ఆముదపు గింజను అత్యధికముగా పండించునది మన దేశమే. అందులో అధికభాగము గుజరాతుది. 1968లో అక్కడ వెలువడిన సంకరవంగడము మొదలుకొని వారు విత్తనముపై శ్రద్ధ వహించిరి. తెలుగునాట నల్లగొండ, పాలమూరు రైతులును ఈ పంటను చిరకాలముగా ఎఱుగుదురు. అయినను మన నూనెలో చాలభాగము ఓడలకెక్కి విదేశములకు పోవుచున్నది. గింజ మనది, చెమట మనది. తుది రూపమిచ్చి లాభము గడించువాడు మాత్రము తఱచుగా వేఱొకడు. ఇదే మేము చెప్పదలచిన ముఖ్యవిషయము. స్వదేశీయమనగా గింజ పండించుట మాత్రమే కాదు, దానిని తుదివఱకు మన చేతులతో నడుపుట.

ఇది పైకమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. వాడిన యంత్రపునూనెను కాలువలో పారబోయుట మన బజారులలో వాడుకయైనది. 2016 నాటి నియమములు దానిని ప్రమాదకరమైన వ్యర్థముగా నెంచి, అనుమతిగల శుద్ధికర్తలకే అప్పగింపుమన్నవి. 2024 ఏప్రిల్ 1 నుండి ఆ బాధ్యత నూనె యుత్పత్తిదారులపైనను మోపబడినది. కాలువలో పోసిన నూనె చెఱువు చేరును, చెఱువునుండి చేను చేరును. గింజనూనె నేలలో పడినచో ఖనిజతైలముకంటె త్వరగా మట్టిలో కలిసిపోవును.

కావున మా మనవులు మూడు.

మొదటిది రైతులకు. ఆముదము వానకొఱతను ఓర్చు పంట. కూటిపంట తీసివేసి దీనిని వేయుమని మేము చెప్పము. గట్లమీదను, బీళ్లలోను వేయుడు. బాటల ప్రక్కనున్న కానుగ గింజలను రాలనిచ్చి ఊడ్చి పారవేయక ప్రోగుచేయుడు. ఆముదపు పిండి విషము, పశువులకు పెట్టరాదు. పొలమునకది మంచి యెరువు.

రెండవది యువకులకు. సహకారపద్ధతిని నూనెయంత్రమును నెలకొల్పుడు. నూనె జారి నేలపాలగు చోటులనుండి ఆరంభింపుడు: బావి కప్పీలు, గొలుసులు, ఎద్దుబండి యిరుసులు. పరీక్షింపక యే కందెనను అమ్మవలదు. ఒక్క యంత్రము చెడినచో పదియేండ్ల నమ్మకము చెడును.

మూడవది మోటారు కార్మికులకు. తీసిన నూనెను డబ్బాలో పట్టుడు, కాలువలో పోయవలదు. క్రొత్త కందెన వచ్చునాడు దాని మంచిచెడ్డలను మొదట తేల్చువారు మీరే. మెప్పుకొఱకు కాక, ఉన్నదున్నట్లు చెప్పుడు.

నాటి బండివాడు గొట్టము వట్టిపోకముందే నింపుకొని బయలుదేరెడివాడు. దారిలో చక్రము కిఱ్ఱుమన్న పిదప పరుల గడపలో నిలిచి యాచించుట వానికి నామర్దా. మన దేశమునకును ఆ పౌరుషము మఱల కలుగుగాక!