గేటు తాళం ఎవరి దగ్గర? స్పామ్, మోడరేషన్, కులం

(భిలాయ్‌లో తెలుగు విద్యార్థులు, ఉక్కు కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా పరిశోధన సోషల్ మీడియాలో కులం గురించి. ఆ మాట చెప్పగానే అందరూ తిట్ల గురించి, ట్రోలింగ్ గురించి అడుగుతారు. ఇవాళ అంతకంటే చప్పగా కనిపించే విషయం మాట్లాడతాను: స్పామ్. అడగకుండా వచ్చిపడే చెత్త. దాన్ని ఎవరు ఊడుస్తున్నారు, ఆ చీపురు కింద ఇంకేం కొట్టుకుపోతోంది అన్నది నా ప్రశ్న.

2019 నవంబర్ మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ సస్పెండ్ చేసింది. అదే రోజుల్లో ప్రొఫెసర్ దిలీప్ మండల్ ఖాతా మీద ఆంక్షలు పెట్టింది. బ్లూ టిక్ ఏ లెక్కన ఇస్తున్నారో చెప్పమని దళిత బహుజనులు నిలదీశారు. ఆ కోపంలో చాలామంది మాస్టడాన్‌కు వెళ్లారు.

మాస్టడాన్ ఒకే యజమాని చేతిలో ఉండదు. వేల సర్వర్లు, ఒక్కోదానికి సొంత నిర్వాహకులు, సొంత నియమాలు. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. కుదరకపోతే ఒక సర్వర్ మరో సర్వర్‌ను జనంతో సహా మొత్తంగా తెంచేయొచ్చు. దీనికి తెలుగులో కొత్త మాట వెతకనక్కర్లేదు. వెలి. విద్వేషానికి అడ్డాగా పేరుపడ్డ గ్యాబ్ 2019లో మాస్టడాన్ సాఫ్ట్‌వేర్‌కు మారినప్పుడు చాలా సర్వర్లు దాన్ని ఇలాగే వెలివేశాయి. మంచి పని చేశాయి. కానీ వెలి అనే ఆయుధం ఊళ్లలో ఎవరి మీద వాడారో మనకు తెలుసు. చుండూరులో 1991 ఆగస్టు 6 హత్యలకు ముందు నడిచింది సాంఘిక బహిష్కరణే.

వికేంద్రీకరణ అనగానే మన విశ్వవిద్యాలయాల్లో కొందరికి కళ్లు మెరుస్తాయి. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామ గణరాజ్యాల మీద మోజును ఎలా చీల్చిచెండాడారో వాళ్లు మరోసారి చదవాలి. అధికారాన్ని చిన్న ముక్కలు చేసినంత మాత్రాన అది మన చేతికి రాదు. ఢిల్లీలో ఉన్న దొరకు బదులు వీధి చివర ఉన్న దొర దొరుకుతాడు, అంతే.

ఇప్పుడు స్పామ్‌కు వస్తాను. 2024 ఫిబ్రవరిలో ఈ సర్వర్ల మీద పెద్ద దాడి జరిగింది. ఎవరైనా చేరగలిగేలా వదిలేసి, నిర్వాహకులు పట్టించుకోని చిన్న సర్వర్లను వెతికి పట్టుకున్నారు. యంత్రాలతో దొంగ ఖాతాలు తెరిచి, అక్కడి నుంచి అందరికీ చెత్త పంపారు. దాని తర్వాత మాస్టడాన్ ఒక మార్పు తెచ్చింది. బహిరంగ నమోదు ఉన్న సర్వర్‌లో వారం రోజులు మోడరేటర్ జాడ లేకపోతే, కొత్తవాళ్ల చేరిక దానంతటదే అనుమతి పద్ధతికి మారిపోతుంది. సాంకేతికంగా ఇది సరైన మందే. నేనూ సమర్థిస్తాను.

అయితే అనుమతి ఎవరిస్తారు? ఎందుకు చేరాలనుకుంటున్నావో రాయి అని అడుగుతారు. చక్కటి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసినవాడు నమ్మదగినవాడు అవుతాడు. ఫొటో లేని, అసలు పేరు లేని కొత్త ఖాతా అనుమానాస్పదం అవుతుంది. కానీ హాస్టల్‌లో ఇంటిపేరు అడిగితే తడబడే మన విద్యార్థి ఆన్‌లైన్‌లో అసలు పేరుతో ఎందుకు వస్తాడు? అతనికి మారుపేరు రక్షణ. స్పామ్ వేటగాడికి అదే ఆనవాలు.

ఇంకో చిక్కు ఉంది. ఒకే మాట వేల ఖాతాల నుంచి ఒకేసారి వస్తే స్పామ్ అని పసిగట్టేలా ఫిల్టర్ రాయడం తేలిక. ఏప్రిల్ 14న మనం చేసేది ఏమిటి? వేలమందిమి ఒకే నినాదం, ఒకే నీలి జెండా. అలాంటి ఫిల్టర్‌కు బిట్‌కాయిన్ ప్రకటనా, జై భీమ్ ఒకేలా కనిపిస్తాయి. అదే సమయంలో "ఏ కోటాలో వచ్చావు?" అని ఒక్కసారే, మర్యాదగా అడిగినవాడిని ఏ ఫిల్టరూ పట్టదు. అందులో తిట్టు లేదు కదా! తెలుగు రాని మోడరేటర్‌కు అనువాదం చేసి చూపించినా అది మామూలు ప్రశ్నే.

నియమాల్లో కులం పేరు ఉండటం అందుకే ముఖ్యం. మాస్టడాన్ డాట్ సోషల్ అనే పెద్ద సర్వర్ నియమాల్లో జాత్యహంకారం, లింగవివక్షల పక్కనే కులవివక్ష కూడా నిషిద్ధమని రాసి ఉంది. చిన్న విజయం కాదది. అయితే కాగితం మీది నియమాన్ని అమలు చేసేది మనిషి.

ఆ మనిషి ఎవరన్నది భిలాయ్‌లో మాట్లాడటం తేలిక. పర్మినెంట్ ఉద్యోగికీ ఠేకా కార్మికుడికీ తేడా ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఫేస్‌బుక్ తన చెత్తను ఏరే పనిని ఔట్‌సోర్సింగ్‌కు ఇచ్చిన ఊళ్లలో మన హైదరాబాద్ ఒకటి. తక్కువ జీతం, విపరీతమైన ఒత్తిడి అని అక్కడి కార్మికులు చెప్పిన మాటలను 2019లో రాయిటర్స్ ప్రచురించింది. వికేంద్రీకృత సర్వర్లలో ఎక్కువచోట్ల జీతమే లేదు, స్వచ్ఛంద సేవ. తీరిక, లాప్‌టాప్, సర్వర్ అద్దె ఉన్నవాడు సేవ చేయగలడు. సేవ చేసినవాడి దగ్గరే తాళం ఉంటుంది.

కాబట్టి మనకు సొంత సర్వర్ కావాలా అని అడిగితే, కావాలంటాను. కాకపోతే తాళం ఒక్కరి దగ్గర ఉండకూడదు. అందులో ఆడవాళ్లు ఉండాలి, తెలుగూ హిందీ చదవగలిగినవాళ్లు ఉండాలి. ఎవరినైనా తీసేస్తే కారణం రాతలో చెప్పాలి, వేరే మోడరేటర్ దగ్గర అప్పీలు ఉండాలి. మనలోనూ ఉపకులాల పట్టింపు ఉంది, మనలోనూ గేటు దగ్గర కుర్చీ వేసుకునే పెద్దలున్నారు. మన సర్వర్ అయినంత మాత్రాన ఆ కుర్చీ మాయమైపోదు.

ఇక డ్యూటీ చార్టు. కొలిమిని రాత్రి ఆపేయలేమని మీకు నేను చెప్పక్కర్లేదు. మూడు షిఫ్టులు ఎలా నడపాలో తెలిసిన కుటుంబాలు ఈ హాల్లో కూర్చున్నాయి. ఏప్రిల్ 13 రాత్రి నుంచి 15 ఉదయం దాకా ఆరుగురు కావాలి. నైట్ షిఫ్టుకు ముందు నా పేరు రాస్తున్నాను. మిగతా ఐదుగురు టీ తాగేటప్పుడు చెప్పండి.