మొసలి కాని మొసలి

మైపాడు, కృష్ణపట్నము, తుమ్మలపెంట తీరములందు నిలిచి చూచువారికి ఈ సముద్రము అనాదిగా ఇచ్చటనే యున్నట్లు తోచును. భూగర్భశాస్త్రము అట్లు చెప్పదు. సుమారు 22 కోట్ల సంవత్సరముల క్రిందట, ట్రయాసిక్ యుగమున, మన తూర్పు తీరము అంటార్కిటికా ఖండమును అంటుకొని యుండెను. అవి విడిపోయి నడుమ సముద్రము ప్రవేశించుట చాల తరువాతి మాట. కావున ఆ కాలపు సముద్రములందు చేపలవలె ఈదిన ఇక్తియోసారులను నెల్లూరు తీరమున వెదకి ప్రయోజనము లేదు. ఆనాటి సరీసృపములు మనకు కావలెనన్న గోదావరి లోయకు పోవలెను. అవి కడలి జీవులు కావు, ఏటి జీవులు.

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని మలేరి గ్రామ ప్రాంతమున ఎర్రని బంకమట్టి శిలలు కలవు. నాగపురమున క్రైస్తవ మతబోధకుడుగా నుండిన స్టీఫెన్ హిస్లాప్ అచ్చటి శిలాజములను లోకమునకు ఎరుకపరచెను. అందు ఒక జంతువునకు 1885లో లిడెక్కర్ అను పండితుడు 'పారాసూకస్ హిస్లోపి' అని ఆయన పేరు కలిపి నామకరణము చేసెను. పారాసూకస్ అనగా మొసలికి చేరువైనదని భావము.

పొడవైన మూతి, వాడి పండ్లు, వీపున పెంకులు చూచినవారు మొసలియే యందురు. కాని మొసలికి ముక్కు రంధ్రములు మూతి కొనయందుండును. దీనికి కన్నుల చెంత నుండును. ఇది మొసళ్లకు దూరపు చుట్టమే గాని తాత కాదు. నీటిలో పొంచియుండి ఎరను పట్టు బ్రతుకు రెంటికిని ఒకే రూపు నిచ్చినది. మన జాలరులకు కానవచ్చు డాల్ఫిను చేపను పోలియు పిల్లకు పాలిచ్చుట లేదా?

చిక్కు పేరుతో వచ్చినది. లిడెక్కర్ చేరిచిన ఎముకలలో వేరొక సరీసృపపు కపాలభాగము కలిసిపోయెను. కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ వారికి మలేరి శిలలలో దాదాపు సంపూర్ణమైన అస్థిపంజరములు దొరకగా, శంకర ఛటర్జీ 1978లో వాటిని వర్ణించి, లిడెక్కర్ ఎముకలలోని మూతి తునకనే ఆ పేరునకు ఆధారముగా నిలిపిరి. ఆ తునకతో ఈ జంతువును ఇతరములనుండి వేరుపరుపజాలమని 1991లో అమెరికా పండితులు ఆక్షేపించి పేరునే త్రోసివేయ జూచిరి. పేరు పోయినచో, ఎముకలు ఎంత నిండుగా నున్నను వాటిని పిలుచుటకు హిస్లాప్ స్మృతితో కూడిన నామము మిగులదు. తుదకు 2003లో అంతర్జాతీయ జంతునామ సంఘము ఆ తునకకు బదులు సంపూర్ణ అస్థిపంజరమునే ఆధారముగా నంగీకరించి పేరును నిలిపెను. 2016 నాటి పరిశీలనలో అమెరికా, జర్మనీ దేశముల కొన్ని జంతువులును ఈ పేరు క్రిందికే చేర్పబడినవి.

రూపమును మాత్రమే చూచి చుట్టరికము కలుపరాదని, ఆధారము చూపనిదే పేరు నిలువదని మలేరి ఎముకలు మనకు బోధించుచున్నవి.